పేపరు ముక్కతో వచ్చేవారికి: కొత్త వైద్య పరిశోధనలపై మా కౌంటరు దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో మందుల షాపు నడుపుతున్నాను. ఒకప్పుడు డాక్టరు చీటీ ఒక్కటే తెచ్చేవారు. ఇప్పుడు చీటీతో పాటు పేపరు ముక్కో, ఫోనులో వచ్చిన వీడియోనో కౌంటరు మీద పెడుతున్నారు. ‘ఇది వచ్చిందట కదా, మనకు దొరుకుతుందా?’ అంటారు. రద్దీ వేళ నిలబెట్టి చెప్పడం కుదరదు కాబట్టి ఎక్కువగా అడిగేవాటికి జవాబులు ఇక్కడ రాసి పెట్టాను. నేను ఫార్మసిస్టును, డాక్టరును కాను. చదివింది చెబుతాను, చీటీలో ఉన్న మందు మాత్రం మార్చను.

‘పరిశోధనలో తేలింది’ అని రాస్తే నమ్మవచ్చా?

నేను ముందుగా ఒకటే వెతుకుతాను: దేనితో పోల్చారు? వంద మందికి మందిస్తే తొంభై మందికి నయమైందని రాస్తే నాకు ఏమీ తెలియనట్టే. ఆ మందు వేసుకోని మరో వంద మందిలో ఎందరికి నయమైందో పక్కనే ఉండాలి. జలుబు ఏమీ చేయకపోయినా వారంలో పోతుంది. ఆ వారంలో తాగిన కషాయానికి పేరొస్తుంది.

రెండోది, ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలన్నది లాటరీ తీసినట్టు తేలాలి. డాక్టరు తన ఇష్టప్రకారం పంచితే, కాస్త గట్టిగా ఉన్న రోగులు తెలియకుండానే కొత్త మందు వైపు చేరతారు. ఎలుకల మీద, గాజు పళ్లెంలోని కణాల మీద చేసినవైతే ఆ పేపరు ముక్కను మడిచి జేబులో పెట్టుకోండి. మనుషుల దాకా వచ్చాక చూద్దాం.

కృష్ణపట్నం మందుకు లక్షల మంది వెళ్లారు. పని చేయకపోతే వెళతారా?

మా జిల్లాలో ఈ ప్రశ్న తప్పించుకోలేం. ఆనందయ్య ఇచ్చిన కొవిడ్ మూలికల మందు కోసం 2021 మేలో ముత్తుకూరు మండలం వైపు కదిలిన జనాన్ని మరిచిపోలేం. పంపిణీ ఆపారు, పరీక్షలన్నారు. చివరకు మే నెలాఖరున కంటి చుక్కలు కాకుండా కొన్ని రకాలు ఇచ్చుకోవచ్చని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. ఆయుర్వేద పరిశోధన మండలి నివేదికలో ఉన్నది కూడా, హాని కనిపించలేదనీ, కొవిడ్ నయమవుతుందనడానికి ఆధారం లేదనీ. ఆ రెండు మాటల్లో జనం మొదటిది విన్నారు, రెండోది వదిలేశారు.

వెళ్లిన వాళ్లను నేను తప్పు పట్టను. ఆసుపత్రిలో మంచం లేదు, ఆక్సిజన్ లేదు. కానీ కొవిడ్ వచ్చినవారిలో ఎక్కువ మంది ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. ఆ లెక్కను తీసేయకుండా ఏ మందు గొప్పనూ చెప్పలేం. మందు తీసుకున్నవారి పక్కన తీసుకోనివారిని కూర్చోబెట్టి ఎవరూ లెక్క కట్టలేదు. నా అభ్యంతరం అదొక్కటే.

ఇంగ్లిషు వైద్యం కూడా తప్పులు చేసింది. 2020లో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మలేరియా మందు కోసం జనం ఎగబడ్డారు. చీటీ లేనివారికి లేదని చెప్పి పంపిన నేనే రెండు స్ట్రిప్పులు ఇంటికి తీసుకెళ్లి బీరువాలో పెట్టాను. బ్రిటన్‌లో రికవరీ అనే పెద్ద పరీక్ష చేసి, ఆసుపత్రిలో చేరినవారికి దానివల్ల లాభం లేదని తేల్చారు. అదే పరీక్షలో డెక్సామెథసోన్ అనే పాత, చౌక స్టెరాయిడ్ గెలిచింది. వెంటిలేటరు మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో ఐదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి లాభమేమీ కనిపించలేదు. జనం మాత్రం ఇంట్లో కూర్చుని మొదటి రోజు నుంచే వేసుకున్నారు. కోలుకున్నవారి రక్తం నుంచి తీసే ప్లాస్మాకు దాతల కోసం ఫోన్లు చేసి చేసి అలిసిపోయినవారు ఉన్నారు కదా, ఆ ప్లాస్మాను మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద పోల్చి చూసింది. జబ్బు ముదరడంలోనూ, మరణాల్లోనూ తేడా రాలేదు.

వానల తరువాత వచ్చే జ్వరాల్లో ‘స్క్రబ్ టైఫస్’ అంటున్నారు. కొత్త జబ్బా?

పాతదే. గుర్తించడం కొత్త. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు పిల్ల కుట్టడం వల్ల వస్తుంది. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ కనుక అక్టోబరు తరువాత గట్ల మీద గడ్డి ఏపుగా పెరుగుతుంది, ఆ రోజుల్లోనే జాగ్రత్త. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే ఎవరూ చూసుకోరు. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర చీర కుచ్చిళ్లు బిగిసే చోట, రొమ్ము కింద ఉంటుంది. ఐదారు రోజుల జ్వరం, డెంగీ కాదు, టైఫాయిడ్ కాదు అన్నప్పుడు ఇంట్లో ఆడవాళ్లను ఇంకో ఆడమనిషి చేత వెతికించండి. చెక్కు కనిపిస్తే డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పండి. అది అందరిలోనూ ఉండదు. లేనంత మాత్రాన జబ్బు లేదని కాదు.

దీని మీద మంచి పరిశోధన మన పొరుగునే జరిగింది. మన వాళ్లు రాయవేలూరు అని పిలిచే వెల్లూరు సీఎంసీ వైద్యుల నాయకత్వంలో, దేశంలోని 7 కేంద్రాల్లో, జబ్బు తీవ్రమైన 794 మంది మీద చేశారు. ఫలితాలు 2023లో వచ్చాయి. ఒక జట్టుకు నరంలోకి డాక్సీసైక్లిన్, ఒక జట్టుకు అజిత్రోమైసిన్, మూడో జట్టుకు రెండూ ఇచ్చారు. మరణం, ఏడో రోజుకూ వదలని అవయవాల ఇబ్బంది, ఐదో రోజుకూ తగ్గని జ్వరం, ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎదురైనవారు రెండు మందులు కలిపిన జట్టులో 33 శాతం. ఒక్క మందే ఇచ్చిన జట్లలో 47, 48 శాతం. మరణాలను విడిగా చూస్తే చెప్పుకోదగిన తేడా లేదు. ఆ మాట కూడా తెలియాలి.

ఇది చదివి కొందరు రెండు మాత్రలూ ఇమ్మని నా దగ్గరకు వచ్చారు. ఆ ఫలితం ఆసుపత్రిలో చేరి, నరంలోకి మందు ఎక్కించుకునేంత జబ్బు చేసినవారిది. మామూలుగా వచ్చిన స్క్రబ్ టైఫస్‌కు డాక్టరు రాసిన ఒక్క మందు చాలు. రెండు నుంచి మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది.

పాము కాటుకు మాత్ర వచ్చిందట, నిజమేనా?

వరెస్ప్లాడిబ్ అనే మందును మన దేశంలోనూ అమెరికాలోనూ పరీక్షించారు. మామూలు చికిత్సకు తోడుగా ఇచ్చారు, దాని బదులుగా కాదు. మొత్తం మీద చూస్తే గెలుపు తేలలేదు. కాటు పడిన కొద్ది గంటల్లోనే అందుకున్నవారిలో మేలు ఉందేమో అన్న ఆశ మిగిలింది. అంటే ఇంకా మన కౌంటరుకు రాలేదు. ఇప్పటికి ఆధారం యాంటీ వెనమ్ సూదే. దాన్ని నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు రకాల విషాలకు కలిపి తయారు చేస్తారు. అందుకు కావలసిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గరి ఇరుల గిరిజనుల సహకార సంఘం నుంచి వెళుతుంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని, ఒకచోటి విషంతో చేసిన మందు మరోచోట బలహీనపడవచ్చని బెంగళూరు ఐఐఎస్‌సీ పరిశోధకులు చూపించారు. ఏ ప్రాంతానికి తగిన మందు ఆ ప్రాంతానికి ఉండాలన్న వాదన అక్కడి నుంచే బలపడింది.

ఆసుపత్రిలో ఒక చిన్న పరీక్ష చేస్తారు, చూస్తే ధైర్యం వస్తుంది. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు నిలబెడతారు. తరువాత గొట్టాన్ని వంచుతారు. రక్తం గడ్డకట్టి నిలిస్తే సరే. నీళ్లలా జారిందంటే పింజరి విషం పని మొదలుపెట్టినట్టే. యంత్రాలు లేని చోట కూడా చేయగల పరీక్ష ఇది. కట్టు బిగించి, కోసి, నోటితో పీల్చి గంటలు పోగొట్టుకోకండి. పామును చంపి తేవలసిన పని కూడా లేదు.

2020లో వెలువడిన ఒక లెక్క ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాము కాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఎక్కువగా పోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది.

కోతల్లో కంట్లో వరి ఊక పడింది. ఎరుపు తగ్గే చుక్కలు ఇస్తారా?

ఇవ్వను. కోపం వచ్చినా ఇవ్వను.

తువ్వాలు కంటికి అదిమిపట్టుకుని, రెండో కన్ను కూడా సగమే తెరిచి నిలబడతారు. అడిగేది స్టెరాయిడ్ కలిసిన చుక్కలు. వేసుకుంటే ఒక పూటకు ఎరుపు తగ్గి హాయిగానే ఉంటుంది. కానీ కంకి మొనతో గీసుకున్న నల్లగుడ్డు మీద బూజు జాతి సూక్ష్మజీవి చేరుతుంది. దానికి స్టెరాయిడ్ అంటే ఎరువు వేసినట్టే. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద పాలచుక్క లాంటి మచ్చ తేలుతుంది. అప్పుడు పరుగెత్తుతారు.

ఈ బూజు పుండు మీద మధురై అరవింద్ కంటి ఆసుపత్రి, అమెరికా వైద్యులు కలిసి 323 మందిని పోల్చి చూశారు. 2013లో వచ్చింది కనుక మరీ కొత్తది కాదు, కానీ నాకు ఇష్టమైనది. పాత మందు నాటమైసిన్, కొత్తదైన వొరికొనజోల్ చుక్కలు పోటీ పడ్డాయి. పాతదే గెలిచింది. ‘కొత్తది వచ్చిందట, అదే ఇవ్వండి’ అనేవారికి నేను చెప్పే కథ ఇదే.

సన్నబడే సూది గుండెకు కూడా మంచిదంటున్నారు. 20 శాతం అంటే ఎంత?

ఇది మంచి ప్రశ్న, ఎందుకంటే పేపర్లో వచ్చే శాతాలన్నీ ఇలాగే మోసం చేస్తాయి. ఆ సూదిలోని మందు సెమాగ్లుటైడ్ మీద 2023లో వచ్చిన సెలెక్ట్ అనే పరీక్షలో 17,604 మంది ఉన్నారు. వారందరికీ బరువు ఎక్కువ, అప్పటికే గుండె జబ్బో పక్షవాతమో వచ్చింది, షుగరు మాత్రం లేదు. మూడేళ్లకు పైగా చూస్తే, ఉత్తుత్తి సూది వేసుకున్న జట్టులో గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో మరణం కలిపి వందకు 8 మందికి వచ్చాయి. మందు వేసుకున్న జట్టులో వందకు ఆరున్నర. ఎనిమిదిలో ఒకటిన్నర తగ్గితే అది దాదాపు 20 శాతం. రెండు మాటలూ నిజమే. ‘వందమందిలో ఒకటిన్నర’ అంటే పేపరు అమ్ముడుపోదు.

తగ్గిన బరువు నిలుస్తుందా అంటే, మానేసినవారిని ఏడాది తరువాత చూసినప్పుడు పోగొట్టుకున్న బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. 2026 మార్చిలో మన దేశంలో పేటెంటు గడువు తీరింది కాబట్టి ఇక ధర ముందరిలా ఉండదు. ధర దిగినా ఇది డాక్టరు పర్యవేక్షణలో వేసుకోవలసిన సూదే. పెళ్లికి ముందు రెండు నెలలు వేయించుకుందామని వచ్చేవారు దయచేసి రావద్దు.

బీపీకి ఒకే మాత్రలో రెండు మందులు ఎందుకు రాస్తున్నారు?

ఒక్క మందుతో చాలామందికి అదుపు కాదు కాబట్టి. ఏ జంట మంచిదన్నది మన వాళ్ల మీదే చూడాలని దేశంలో 1,981 మందితో పరీక్ష చేశారు, 2025లో ఫలితాలు వచ్చాయి. మూడు రకాల జంటల్ని పోల్చారు. మూడూ సమానమే. ఆరు నెలలకు పది మందిలో ఏడుగురికి 140/90 కిందకు వచ్చింది. కాబట్టి ‘పక్కింటాయనకు రాసిన మాత్ర నాకెందుకు రాయలేదు’ అని బాధపడకండి.

టీబీ ఉన్న ఇంట్లో మిగతావారికి రాకుండా కొత్త మందు ఏమైనా ఉందా?

నివారణ మాత్రలు ఉన్నాయి, ప్రభుత్వాసుపత్రిలో ఇస్తారు. నన్ను కదిలించింది వేరొకటి. జార్ఖండ్‌లో రేషన్స్ అనే పరీక్ష చేశారు. టీబీ రోగుల ఇళ్లలోని 10,345 మందిని రెండు జట్లు చేశారు. రోగికి రెండు జట్లలోనూ ఆహారం ఇచ్చారు. ఒక జట్టులో ఇంట్లో మిగతావారికి కూడా నెలనెలా బియ్యం, పప్పు వంటి సరుకులు, విటమిన్ మాత్రలు అందించారు. ఆ జట్టులో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. గళ్లలో క్రిములు కనిపించే, ఇతరులకు అంటించే రకం 48 శాతం తగ్గింది. పప్పన్నమే మందులా పని చేసిందని చూపించిన పరీక్ష ఇది. టీబీ రోగికి పోషణ కోసం ప్రభుత్వం ఇచ్చే సొమ్ము 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలైంది. బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వక వదులుకుంటున్నవారు ఉన్నారు, ఇవ్వండి.

క్యాన్సర్‌కు వచ్చే కొత్త మందులన్నీ లక్షల్లోనే ఉంటాయా?

లక్షల్లో ఉన్నవీ ఉన్నాయి. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి తయారు చేసిన కార్-టి చికిత్సకు (రోగి సొంత రక్షణ కణాలను మార్చి తిరిగి ఎక్కించేది) 2023లో అనుమతి వచ్చింది. విదేశాల్లోకంటే బాగా చౌక, అయినా ముప్పై, నలభై లక్షల మాట. కొన్ని రకాల రక్త క్యాన్సర్లకే పనికొస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది, పేపర్లలో తక్కువగా కనిపిస్తుంది. అదే టాటా ఆసుపత్రి వైద్యులు నోరు, గొంతు క్యాన్సర్ ముదిరిన 151 మంది మీద, శరీర రక్షణ శక్తిని క్యాన్సర్ మీదకు ఉసిగొల్పే నివోలుమాబ్ అనే మందును కేవలం 20 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు. మామూలు మోతాదులో పదో వంతు కూడా కాదు. చౌక మాత్రల చికిత్సకు దీన్ని జోడించినప్పుడు ఏడాది తరువాత బతికి ఉన్నవారు 16 శాతం నుంచి 43 శాతానికి పెరిగారు. ఆ మందు కంపెనీ తనంతట తానుగా ఇలాంటి పరీక్ష ఎందుకు చేయిస్తుంది?

మరొకటి రొమ్ము క్యాన్సర్‌ది. పన్ను పీకేటప్పుడు చిగురుకు ఇచ్చే మత్తు మందు లిడోకెయిన్ తెలుసు కదా. ఆపరేషన్‌లో గడ్డ తీయడానికి 7 నుంచి 10 నిమిషాల ముందు దాని చుట్టూ ఆ మందును ఎక్కించారు. 1,600 మంది మహిళల్లో సగం మందికి అలా చేసి, మిగతావారికి మామూలు ఆపరేషన్ చేశారు. ఐదేళ్లకు బతికి ఉన్నవారు 86.4 శాతం నుంచి 90.1 శాతానికి పెరిగారు. కొత్త యంత్రం లేదు, అదనపు రోజులు లేవు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ ఉంటే సర్జన్‌ను మర్యాదగా అడగండి, అడిగితే తప్పేమీ లేదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఆడపిల్లలకు వేయించవచ్చా? ఖమ్మంలో ఏదో జరిగిందంటారు.

జరిగింది. మా కౌంటరు దగ్గర అమ్మమ్మలకు బాగా గుర్తు. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో భద్రాచలం వైపు హాస్టళ్లలో చదివే గిరిజన బాలికలకు ఈ టీకా వేశారు. తల్లిదండ్రుల సంతకాల బదులు చాలాచోట్ల వార్డెన్ల సంతకాలు పెట్టించారు. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణలో చెప్పారు, కానీ సంతకాల తప్పును పార్లమెంటరీ సంఘం 2013లో గట్టిగా ఎత్తి చూపింది. ఎత్తి చూపడం న్యాయమే. 

దీనికి ఎవరూ ఊహించని కొనసాగింపు ఉంది. అదే సమయంలో దేశంలో వేరే పరీక్ష ఒకటి నడుస్తోంది. రెండు మోతాదులు చాలా, మూడు కావాలా అన్నది తేల్చాలని. ఖమ్మం గొడవతో 2010లో ప్రభుత్వం టీకాలన్నీ ఆపమంది. దాంతో వేలమంది బాలికలు ఒక్క మోతాదుతోనే ఆగిపోయారు. పరిశోధకులు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు వెంబడించి చూశారు. క్యాన్సర్‌కు దారితీసే రెండు ప్రధాన వైరస్ రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా ఒక్క మోతాదే 95 శాతం మేర కాపాడిందని 2021లో తేలింది. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు కూడా సరిపోతుందని చెప్పింది. 

వేయించండి. సంతకం మాత్రం మీరే, చదివి పెట్టండి.

కాన్పులో రక్తం ఎక్కువ పోతే కొత్త సూది ఏదో వచ్చిందట?

సూదుల కంటే ప్లాస్టిక్ సంచి పేరు ముందు చెప్పాలి. కాన్పు కాగానే నడుము కింద గరాటు ఆకారంలో ఒక సంచి పరుస్తారు, దాని మీద కొలత గీతలు ఉంటాయి. పక్కబట్టలో ఇంకిన రక్తాన్ని కంటితో అంచనా వేస్తే చాలాసార్లు తక్కువగా కనిపిస్తుంది. సంచిలో గీత అబద్ధం చెప్పదు. ఈ రకం సంచిని కర్ణాటకలోని బెళగావి వైద్యులు ఒక పరీక్షలో వాడి ఇరవై ఏళ్లవుతోంది. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల 80 ఆసుపత్రుల్లో, సంచి గీత చూసిన వెంటనే పొట్ట మర్దన, సూదులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. ప్రాణం మీదకు తెచ్చే రక్తస్రావం 60 శాతం తగ్గింది.

కనిగిరి వైపు మా ఊరి నీళ్ల ఫ్లోరైడ్‌కు మందు కనిపెట్టారా?

ముదిరిన ఎముకల జబ్బును వెనక్కి తిప్పే మందు లేదు. ఇది బాధతో రాస్తున్నాను. ఈ జబ్బును మన దేశంలో మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, మన నేల మీదే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు జిల్లాలోవే. 1937 నుంచి లెక్కపెట్టుకోండి, ఎన్ని తరాల పళ్లు పసుపు రంగు చారలు తేలాయో.

నీరు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడ్‌తో ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఇది మా ఊళ్లలో చాలామందికి తెలియదు. పిల్లలకు పాలు, రాగులు అందేలా చూడండి, క్యాల్షియం తక్కువైన ఎముకను ఇది ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

నన్ను ట్రయల్‌లో చేరమన్నారు. ఎలుకను చేస్తున్నారా?

చేరవచ్చు, మానవచ్చు. మధ్యలో మానేసినా మీకు రావలసిన మామూలు వైద్యం ఆపకూడదు. మూడు అడగండి. సమ్మతి పత్రం తెలుగులో ఉందా? దేశంలోని ఇలాంటి పరీక్షలన్నిటినీ నమోదు చేసే సీటీఆర్‌ఐ జాబితాలో నమోదు సంఖ్య ఎంత? ఆ నమోదు మన దేశంలో 2009 నుంచి తప్పనిసరి, ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఉంటే ఆ సంఖ్యతో ఫోనులో చూడగలరు. నాకేమైనా అయితే వైద్యం ఖర్చు, పరిహారం ఎవరిస్తారు? 2019 నిబంధనల ప్రకారం అవి పరీక్ష చేయించేవారి బాధ్యత. ‘ఉత్తుత్తి మాత్ర జట్టులో పడితే నష్టమా’ అని కూడా అడుగుతారు. ఏ జట్టు మంచిదో ముందే తెలిస్తే పరీక్షే అక్కర్లేదు కదా.

పత్రం ఇంటికి తెచ్చుకుని చదువుకుంటానంటే కాదనకూడదు. అలా తెచ్చిన ఒక పెద్దాయనకు ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి పద్నాలుగు పేజీలూ చదివి వినిపించాను. చివరి పేజీ అయ్యాక ఆయన అడిగింది ఒక్కటే: ‘రానూపోనూ బస్సు చార్జీ ఇస్తారని ఎక్కడైనా ఉందా?’ ఉంది, తొమ్మిదో పేజీలో.